సున్నివా తుంటి, బెర్గ్‌హిల్డ్ పడవ

ఆ నొప్పి మొదట బయటపడింది పడవలో కాదు, పిల్లల బూట్ల దగ్గర.

సున్నివా ఉత్తరాన వానల దీవిలో ఉన్న మా గ్యోవిక్‌లో చిన్నపిల్లల బడిలో పనిచేస్తుంది. ఇక్కడ పిల్లల్ని ఆరుబయటికి తీసుకెళ్లాలంటే ముందు వాన పంట్లాం, దాని మీద రబ్బరు బూట్లు తొడగాలి. లోపలికి రాగానే అవన్నీ మళ్లీ ఊడదీయాలి. ఇరుకు నడవలో గొంతుక్కూర్చుని సున్నివా ఆ పని చేస్తుంది. తీరిక దొరికితే పిల్లల పొట్టి కుర్చీలోనే, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంటుంది. ఏప్రిల్లో ఒకరోజు అలా కూర్చుని ఎవరిదో బూటు లాగుతుంటే కుడివైపు, తొడా పొట్టా కలిసే మడతలో కలుక్కుమంది. లోపలి నుంచి ఎవరో గోళ్లతో గిచ్చినట్టుగా ఉంది. లేచి నిలబడితే పోయింది. మళ్లీ కూర్చుంటే మళ్లీ గిచ్చింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఏప్రిల్ అంటే షెడ్డులోంచి పందెం పడవ బయటికి వచ్చే నెల. ఆడవాళ్ల పడవలో తెడ్డు వేసేది ఆరుగురు. అడ్డబల్లకు ఇద్దరు చొప్పున మూడు బల్లల మీద కూర్చుంటారు. వాళ్లకు ఎదురుగా, పడవ వెనక భాగంలో, చుక్కాని పట్టుకుని కూర్చుని అరిచే మనిషి బెర్గ్‌హిల్డ్. బెర్గ్‌హిల్డ్ సున్నివా మొగుడికి స్వయానా అక్క. ఒకప్పుడు ఈ దీవుల్లోనే పేరున్న తెడ్డుగత్తె. జూలై చివర రాజధానిలో జరిగే ఓలావ్ పండగ పందెంలో మా ఊరి పడవ గెలవడం తప్ప ఆవిడకు వేరే కోరిక ఉన్నట్టు ఎవరూ వినలేదు.

పడవలో కూడా అదే చోట అదే నొప్పి. తెడ్డు నీళ్లలో దించే ముందు చేతులు చాచి, ఒళ్లంతా తొడల మీదికి వంచుతారు కదా, సరిగ్గా అక్కడ కలుక్కుమనేది. వెనక్కి లాగేటప్పుడు ఏమీ ఉండదు. మళ్లీ వంగితే మళ్లీ కలుక్కు. తొలి వారం పళ్లు బిగబట్టి లాగింది. రెండో వారం ఆమె తెడ్డు అందరికన్నా ఆలస్యంగా నీళ్లలో పడటం బెర్గ్‌హిల్డ్ కంటబడింది.

"ఏమైందే నీకు? నిద్రపోతున్నావా?"

"తుంటి దగ్గర పట్టేస్తోంది వదినా."

"ఎక్కడ? వేలు పెట్టి చూపించు."

వేలు పెట్టి చూపించడం సున్నివాకు చేతకాలేదు. బొటనవేలు వెనక, మిగతా వేళ్లు ముందు ఉంచి, చెంబు పట్టుకున్నట్టు తుంటిని గుప్పిట పట్టి చూపించింది. "ఇక్కడ, లోపలెక్కడో."

లోపలెక్కడో అనడమే ఆమె చేసిన పొరపాటు. అప్పటి నుంచి ఊళ్లో ఒక్కొక్కరూ ఆ నొప్పిని తమకు తోచినచోట పెట్టడం మొదలుపెట్టారు. బల్ల మీద ఆమె పక్కన కూర్చునే ఎల్‌స్పా, అది అండాశయం అయి ఉంటుందని, తన పిన్నికి సరిగ్గా ఇలాగే మొదలైందని చెప్పింది. ఉత్తరాలు పంచే ఆయన అపెండిక్స్ అన్నాడు. మొగుడు ఎయ్‌ఫిన్ గజ్జల్లో నరం బెణికిందని తేల్చి, గొర్రెకొవ్వు కాచి డబ్బాలో పోసి తెచ్చాడు.

"రాసుకో సున్నీ. మా తాత దీనితోనే నడిచాడు."

"మీ తాత కాలు విరిగి మంచంలో ఉన్నాడు కదా."

"ఆ తర్వాత నడిచాడు."

కంపు భరించలేక రెండు రోజులకే ఆమె దుప్పట్లు ఉతుక్కోవలసి వచ్చింది. నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు.

బెర్గ్‌హిల్డ్‌కు మాత్రం అనుమానమే లేదు. "బిగుసుకుపోయింది. సాగదియ్యాలి." ఆవిడ దగ్గర అన్ని రోగాలకూ ఇదే మందు. మెడ పట్టేసినా, మడమ నొప్పెట్టినా సాగదీయడమే. రోజూ సాధన మొదలయ్యే ముందు సున్నివాను రేవు సిమెంటు మీద వెల్లకిలా పడుకోబెట్టి, కుడి మోకాలు పట్టుకుని, తన బరువంతా వేసి ఛాతీ మీదికి నొక్కేది.

"ఊపిరి వదులు. ఇంకా. ఇంకా."

"వదినా, కలుక్కుమంటోంది!"

"అనాలి. అంటేనే సాగుతున్నట్టు."

"రోజురోజుకీ ఎక్కువవుతోంది వదినా."

"అది తగ్గే ముందు అలాగే ఉంటుంది."

ఇంటికి వెళ్లాక కూడా సున్నివా వంటగదిలో కుర్చీ మీద కాలు పెట్టి, ముందుకు వంగి సాగదీసుకునేది. చెయ్యకపోతే బద్ధకమంటారని భయం. సాగదీసిన వెంటనే కాసేపు తేలిగ్గా అనిపించేది. తెల్లారాక మేజోడు వేసుకోబోతే ప్రాణం లేచిపోయేది. కారు దిగేటప్పుడు, ఒక కాలు బయట పెట్టి ఒళ్లు తిప్పే ఆ ఒక్క క్షణం, అబ్బా అనకుండా దిగలేకపోయింది. ఎయ్‌ఫిన్‌కు ప్రాణంతో సమానమైన తోలు సోఫా ఒకటుంది. కూర్చుంటే నేలదాకా దిగిపోయే రకం. దాంట్లో కూర్చుని స్వెట్టరు అల్లుతూ ఒక వరుస పూర్తి చేసేలోపల లేచి తిరగాల్సి వచ్చేది.

మే నెలలో డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన నిదానస్తుడు. పొట్ట నొక్కి చూశాడు, గజ్జల్లో పేగు జారిందేమో చూశాడు, జ్వరం ఉందా అని అడిగాడు. ఎక్స్‌రే తీయించాడు. ఎముక విరగలేదని, కీలు అరగలేదని, రాజధానిలో ఫిజియోథెరపిస్టును కలవమని రాసిచ్చాడు. అక్కడ పేరు పిలిచేదాకా ఆగాలి. అందాకా విశ్రాంతి తీసుకోమన్నాడు.

విశ్రాంతి తీసుకుంది. పడవ ఎక్కలేదు, సాగదీయలేదు. నొప్పి దాదాపు పోయింది. ఆమెకు ఎంత సంతోషమైందంటే ఎయ్‌ఫిన్‌కు పుల్లటి రబర్బు కాడల జాముతో కేకు చేసి పెట్టింది. మర్నాడు పడవెక్కి, చేతులు చాచి, ఒళ్లు వంచింది. కలుక్కు. అదే చోట, అదే గోరు.

ఆమె తెడ్డు లోపలికి లాక్కుని బల్లకేసి కొట్టింది. "ఛీ! దీని మొహం మండ!"

"తెడ్డు విరిగితే డబ్బులెవరిస్తారే?" అని చుక్కాని దగ్గర నుంచి బెర్గ్‌హిల్డ్ అరిచింది.

జూన్‌లో పిలుపు వచ్చింది. ఫిజియోథెరపిస్టు పేరు హాల్‌దిస్. నడివయసు మనిషి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. మాటల్లో తొందర లేదు. సున్నివా అలవాటు కొద్దీ తుంటిని గుప్పిట పట్టి చూపించబోతే ఆవిడ నవ్వింది.

"ఇలా గుప్పిట పట్టేవాళ్లు నా దగ్గరికి చాలామందే వస్తారమ్మా. పడుకో."

వెల్లకిలా పడుకోబెట్టి, కుడి మోకాలు పైకి వంచి, దాన్ని ఎడమవైపుకి తెచ్చి, పాదాన్ని మెల్లగా బయటికి తిప్పింది. సున్నివా బల్ల అంచు పట్టుకుని కేక పెట్టింది.

"నువ్వు చెప్పే నొప్పి ఇదేనా, ఇంకోటా?"

"ఇదే! ఇదే!" సున్నివాకు ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. ఇన్ని నెలలకు దాన్ని ఎవరో చేత్తో పట్టుకుని చూపించినట్టయింది.

"ఎప్పుడెప్పుడు వస్తుంది?"

సున్నివా చెప్పింది. బూట్లు, పొట్టి కుర్చీ, సోఫా, కారు, పడవ.

"తగ్గడానికి ఏం చేస్తున్నావు?"

"సాగదీస్తున్నాను. మోకాలు ఛాతీ మీదికి నొక్కి."

హాల్‌దిస్ ఆమె కాలు మెల్లగా కిందికి దించింది. తర్వాత, "చూడమ్మా," అంది. "తుంటి కీలు గిన్నెలో బంతి లాంటిది. నీ ఎక్స్‌రేలో బంతి కింద, సన్నబడే మెడ దగ్గర కొంచెం ఎముక ఎత్తుగా ఉంది. చాలామందికి ఉంటుంది, సగంమందికి నొప్పే ఉండదు. కానీ నువ్వు పగలంతా గొంతుక్కూర్చుంటావు, సాయంత్రం పడవలో మళ్లీ అంతకన్నా ఎక్కువ వంగుతావు. వంగినప్పుడల్లా ఆ ఎత్తు వచ్చి గిన్నె అంచుని, అక్కడి మెత్తటి పొరని నొక్కుతుంది. అది నలిగి రేగి ఉంది. తలుపు సందులో వేలు పడితే తలుపు ఇంకా గట్టిగా వేస్తావా?"

"మా వదిన వేస్తుంది," అంది సున్నివా.

"సాగదియ్యడం ఈ రోజుతో ఆపెయ్. గిచ్చే చోటుదాకా వెళ్లకు, దానికి కొంచెం ఇవతలే ఆగు. కూర్చుంటే మోకాళ్లు తుంటికన్నా కిందికి ఉండాలి. కారు దిగేటప్పుడు రెండు కాళ్లూ కలిపి బయట పెట్టి అప్పుడు లే. పక్కకి తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకో. ఇక పిరుదుల్లో, తుంటి పక్కన కండబలం పెంచాలి. అది నేను నేర్పిస్తాను."

"ఆపరేషన్?"

"అందరికీ అక్కర్లేదు. ముందు మూడు నెలలు ఇది చేద్దాం, తగ్గకపోతే అప్పుడు మాట్లాడుకుందాం. కానీ కీలు తాళం పడ్డట్టు బిగుసుకుపోయినా, కాలు మోపలేకపోయినా, జ్వరం వచ్చినా, కదలకుండా పడుకున్నా తగ్గని నొప్పి వచ్చినా నా కోసం ఆగకు. నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లు."

సున్నివా ఇంకేదో ఉంటుందని చూసింది. "ఇంతేనా?"

"ఇంతే. విసుగు పుట్టిస్తుంది. మానకుండా చెయ్యడమే కష్టం."

విసుగని ఊరికే అనలేదు. ఇంటికి రాగానే సున్నివా చేసిన మొదటి పని సోఫా కాళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టించడం. ఎయ్‌ఫిన్ పొట్టివాడు. కూర్చుంటే అతని కాళ్లు నేలకు ఆనలేదు.

"గాల్లో వేలాడుతున్నాయి సున్నీ. నా ఇంట్లో నేనే చుట్టంలా ఉన్నాను."

"పీట వేసుకో."

"టీవీ చూడ్డానికి పీటా?"

"నేను మేజోళ్లు వేసుకోడానికి ఏడుస్తున్నాను. నువ్వు పీట వేసుకోలేవా?"

అతను గొణుక్కుంటూ పీట తెచ్చుకున్నాడు. బడిలో సున్నివా తనకో ఎత్తు స్టూలు తెచ్చుకుంది. కిందికి తను వంగే బదులు పిల్లల్నే బల్ల ఎక్కించి, నిలబడి బూట్లు తొడగసాగింది. పిల్లలకు బల్ల మహా సరదా అయిపోయింది. ఎక్కినవాళ్లు దిగరు, దిగినవాళ్లు బూట్లు ఊడదీసి మళ్లీ వరుసలో నిలబడతారు. అందరూ బయటికి వెళ్లేసరికి వాన వెలిసి, మళ్లీ మొదలయ్యేది.

సాయంత్రాలు వంటగది నేల మీద వెల్లకిలా పడుకుని, పాదాలు ఆన్చి, నడుము పైకెత్తి దించేది. మోకాళ్ల పైన రబ్బరు పట్టీ వేసుకుని ఎండ్రకాయలా పక్కలకు నడిచేది. కిటికీలోంచి చూసిన పొరుగావిడ, ఇంట్లో అంతా క్షేమమేనా అని ఎయ్‌ఫిన్‌ని అడిగిందట.

ఇవన్నీ ఒక ఎత్తు, పడవ ఒక ఎత్తు. కూర్చునే చోటు కొంచెం ఎత్తు చేసుకోమని, కాళ్లు తన్నిపెట్టే పలకను కిందికి జరపమని, మోకాళ్లు ఎడంగా ఉంచమని, వంగడం తగ్గించమని హాల్‌దిస్ చెప్పింది. సున్నివా ఒక గట్టి దిండు పట్టుకుని రేవుకి వెళ్లింది. బెర్గ్‌హిల్డ్ ఆ దిండును చచ్చిన చేపను చూసినట్టు చూసింది.

"ఇదేమిటి?"

"కూర్చోడానికి వదినా. తుంటి ఎత్తుగా ఉండాలిట."

"పందెం పడవలో దిండా? పురిటి మంచం అనుకున్నావా?"

"ఫిజియో చెప్పింది."

"ఆవిడ ఏ పడవ లాగింది?"

"పడవ లాగక్కర్లేదు వదినా, తుంటి తెలిస్తే చాలు. సాగదియ్యడం కూడా మానెయ్యమంది. దానివల్లే ముదిరిందిట."

రేవు మీద మిగతా ఐదుగురూ తెడ్లు సర్దుకుంటున్నట్టు నటించారు. బెర్గ్‌హిల్డ్ మొహం ఎర్రబడింది.

"అంటే నేను పాడు చేశానంటావు."

"నేనలా అన్లేదు."

"అన్నావు. ఇప్పుడే అన్నావు. పాతికేళ్లు ఇదే పడవలో ఇదే బల్ల మీద కూర్చున్నాను, నాకేం కాలేదు."

"నీ తుంటి వేరు, నా తుంటి వేరు వదినా! దాన్నెక్కడ మార్చుకుని రమ్మంటావు?"

"నువ్వొక్కదానివి పైన కూర్చుంటే పడవ ఒరుగుతుంది."

ఆ మాట మాత్రం నిజమే. దిండు వేసుకుని కూర్చుంటే సున్నివా భుజం ఎల్‌స్పా భుజాన్ని దాటి పైకి వచ్చింది. తెడ్డు కోణం మారింది. మహారాణి పక్కన దాసీలా ఉన్నానని ఎల్‌స్పా సణిగింది. వారం రోజుల పాటు రోజూ ఇదే గొడవ. ఇంట్లో అక్క ఫోను, పెళ్లాం చిరాకు, మధ్యలో పీట మీద కాళ్లు పెట్టుకున్న ఎయ్‌ఫిన్. చివరికి అతనికే ఒళ్లు మండి, షెడ్డులోకి వెళ్లి, ఆ బల్ల పొడవునా సరిపోయే పలక కోసి తెచ్చి బిగించాడు. ఇద్దరూ ఒకే ఎత్తుకి వచ్చారు.

"అక్కా, ఇప్పుడు ఒరగదు. ఇంక నన్ను బతకనివ్వండి ఇద్దరూ."

పడవ ఒరగలేదు. కొత్త ఎత్తు తనకి నచ్చలేదని ఎల్‌స్పా మాత్రం ఆ ఏడాదంతా అంటూనే ఉంది.

జూలై మొదట్లో పక్క దీవిలో చిన్న పందెం జరిగింది. మంచు తెర పట్టి, ఒడ్డున నిలబడ్డ మాకు పడవలు చప్పుడుగా వినిపించాక గానీ కనిపించలేదు. సున్నివా తర్వాత చెప్పింది, మొదటి సగం ఆమెకు తుంటే గుర్తు రాలేదట. మోకాళ్లు ఎడంగా పెట్టి, గిచ్చే చోటుకి ఇవతలే ఆగుతూ హాయిగా లాగిందట. గమ్యం దగ్గరపడే సమయానికి బెర్గ్‌హిల్డ్ లేచి నిలబడినంత పని చేసి, "పొడుగ్గా! ఇంకా పొడుగ్గా!" అని అరిచింది. అందరూ ఇంకా ముందుకు వంగారు. సున్నివా కూడా వంగింది. కలుక్కుమంది. ఇంకోసారి వంగింది. ఈసారి తొడ పొడుగునా పాకింది.

ఆమె వంగడం తగ్గించేసింది.

"సున్నివా! పొడుగ్గా!"

"వంగను!"

"ఏమిటీ?"

"వంగనన్నాను!"

పందెం మధ్యలో చుక్కాని మనిషికి ఎదురు చెప్పడం మా దీవుల్లో ఎవరూ విని ఉండరు. ఒడ్డుదాకా వినిపించింది. ఐదు తెడ్లు ఒకచోట, ఒకటి వేరేచోట పడి ఒకదానికొకటి తగిలాయి. బెర్గ్‌హిల్డ్ ఇక దారిలేక అందర్నీ పొట్టిగా, వేగంగా లాగమంది. పడవ కుదురుకుంది గానీ అప్పటికి రెండు పడవలు దాటిపోయాయి. చివరి నుంచి రెండో స్థానం.

రేవు మీద కాఫీ కప్పులు పట్టుకుని అంతా నిలబడ్డారు. బెర్గ్‌హిల్డే మొదలుపెట్టింది.

"నా పరువు తీశావు."

"నా కాలు పోతోంది వదినా."

"కాలు కాదు. నీకు పట్టుదల లేదు. అది చెప్పుకోలేక తుంటి అంటున్నావు."

సున్నివా కప్పు గోడ మీద పెట్టింది. అందరూ పెద్ద గొడవ అవుతుందనుకున్నారు. ఆమె గొంతు పెంచలేదు. "ఓలావ్ పండక్కి నేను రాను. నా చోట్లో మన ఊరి పిల్ల బిర్నాని కూర్చోబెట్టుకో. దానికి పందొమ్మిదేళ్లు, పట్టుదల నిండా ఉంది." ఆ మాట అని కారు దగ్గరికి వెళ్లింది. రెండు కాళ్లూ కలిపి లోపల పెట్టుకుని, తలుపు వేసుకున్నాక అప్పుడు ఏడ్చింది.

పండగ రోజు ఆమె రాజధానికి వెళ్లకుండా ఉండలేకపోయింది. జనంలో నిలబడి చూసింది. బిర్నా బాగానే లాగింది, మా పడవ మూడోదిగా వచ్చింది. బెర్గ్‌హిల్డ్ గొంతు అరిచి అరిచి పోయింది. దాటిపోతూ సున్నివాను చూసి తల తిప్పుకుంది. తనే ఆ బల్ల మీద ఉంటే పడవ రెండోదిగా వచ్చేదేమోనన్న ఆలోచన సున్నివాను రోజుల తరబడి తొలిచింది. ఎయ్‌ఫిన్ ఓదార్చబోతే అతన్నీ కసిరింది.

ఆపైన చలికాలం. నడుము ఎత్తడం, దించడం. రబ్బరు పట్టీ, ఎండ్రకాయ నడక. వారం బాగుంటే మరుసటి వారం బడిలో ఏ పిల్లో కింద పడితే, ఆలోచించకుండా గొంతుక్కూర్చుని ఎత్తుకుంటే మళ్లీ మొదటికి వచ్చేది. "ఇది తగ్గడమా, ఆడుకోవడమా?" అని ఆమె ఫోనులో హాల్‌దిస్ మీద అరిచింది. హాల్‌దిస్, పోయినసారి రేగితే సర్దుకోడానికి ఎంతకాలం పట్టింది, ఈసారి ఎంత పట్టింది అని మాత్రం అడిగింది. సున్నివా ఆలోచించింది. పోయినసారి పది రోజులు, ఈసారి రెండు. ఒప్పుకోవడం ఇష్టం లేకపోయినా ఒప్పుకుంది. వసంతం వచ్చేసరికి కారు దిగేటప్పుడు అబ్బా అనడం మానేసింది. మానేసిన సంగతి కూడా ఎయ్‌ఫిన్ చెబితేనే తెలిసింది.

ఏప్రిల్లో పడవ బయటికి తీశారు. బిర్నా చదువుకోడానికి డెన్మార్క్ వెళ్లిపోయింది. బల్ల మీద చోటు ఖాళీ. బెర్గ్‌హిల్డ్ మా సున్నివా ఇంటికి వచ్చి, కూర్చోకుండా, గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"వస్తున్నావా?"

"పొడుగ్గా వంగను. ముందే చెబుతున్నాను."

"అందరికీ పొట్టిగా, వేగంగానే నేర్పిస్తున్నాను. పోయినేడు గెలిచినవాళ్లు అలాగే లాగారు." సారీ లాంటిదేదీ లేదు. "పలక అలాగే ఉంది. వార్నిష్ వేయించాను, తడికి పాడవుతుందని."

సున్నివా వెళ్లింది. ఇప్పుడూ లాగుతోంది. పూర్తిగా పోయిందని ఆమె ఎన్నడూ అనదు. ఎక్కువ వంగితే కీలు గుర్తుచేస్తుంది, ఆమె ఇవతలికి వచ్చేస్తుంది. ఆ మధ్య పందెంలో నాలుగో స్థానంలో వచ్చారు. ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు.

అయితే వేరే బాధ మొదలైంది. బెర్గ్‌హిల్డ్‌కు ఇప్పుడు తుంటి తప్ప మరో జబ్బు కనిపించడం లేదు. మొన్న దుకాణంలో బంగాళాదుంపల బస్తా ఎత్తబోయి ఒకాయన అమ్మా అని వెనక చెయ్యి పెట్టుకున్నాడు. ఆవిడ పరుగెత్తుకెళ్లి అతని మోచెయ్యి పట్టుకుంది.

"సాగదియ్యకు! ఎవరేం చెప్పినా సాగదియ్యకు! అది తుంటి. గిన్నె, బంతి."

"వదినా, ఆయనది నడుం," అంది సున్నివా.

"నువ్వూరుకోవే, నీకేం తెలుసు," అంటూ బెర్గ్‌హిల్డ్ ఆయన్ని అక్కడే నేల మీద పడుకోమంది.